సింగ్ గారూ.. మీదే ఊరు?

మా అక్కకి ఆడపిల్ల పుట్టింది. ఇంట్లో అందరూ మిఠాయి డబ్బాల గురించి, ముక్కు ఎవరి పోలికో అనే దాని గురించి మాట్లాడుకుంటుంటే నా చేతికి మాత్రం ఒక కాగితం వచ్చింది. ఆస్పత్రి కౌంటర్‌లో ఇచ్చిన జనన నమోదు ఫారం. 'చదువుకున్నోడివి కదా, తప్పుల్లేకుండ నింపుకొని రా' అని నాన్న ఆర్డర్.

పుట్టిన తేదీ, టైమ్, బరువు.. చకచకా రాసేశాను. తండ్రి పేరు దగ్గర బావ పేరు. బావది వరంగల్ వైపు. అందరు తెలుగువాళ్లలాగే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. తల్లి పేరు దగ్గర అక్క పేరు. దాని చివర 'బాయి'. అడ్రస్ దగ్గర అలవాటు ప్రకారం 'పురానాపూల్ దగ్గర' అని రాశాను. ఆ అలవాటు ఎందుకొచ్చిందో తర్వాత చెప్తా. పాప పేరు గడి దగ్గరకు వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది.

'సర్‌నేమ్ ఏం పెడుతున్నరు?' కౌంటర్‌లో మేడమ్ అడిగింది. 'మీరు సింగ్ కదా?'

'నేను సింగే మేడమ్. మా అక్క కాదు. బావది వేరే.'

ఆవిడ నన్నొకసారి, కాగితాన్నొకసారి చూసింది. 'ముందు మీ ఇంట్ల తేల్చుకోండ్రి. పేరు ఖాళీ పెట్టినా నడుస్తది' అంది.

నిజమే. పేరు లేకుండానే జననం నమోదు చేయించొచ్చు. ఏడాదిలోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత కూడా ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ల వరకు చేర్పించుకునే వీలుంది. కానీ మాకు అంత టైమ్ లేదు. ఇరవై ఒకటో రోజు తొట్టెల. ఆ రోజుకల్లా పాపకి పేరు కావాలి, ఆ పేరుకి ముందో వెనకో ఏం తగిలించాలో తేలాలి.

'నీ పేరు చివర ఉన్న ఆ సింగ్ అసలెక్కడిది? దాని కథేందో కనుక్కొని చెప్పు. దమ్మున్న కథైతే పాపకి కూడా పెడతా' అంది అక్క నవ్వుతూ. తను నవ్వులాటకే అంది. నేను మాత్రం సీరియస్‌గా తీసుకున్నా. ఎందుకంటే ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

'సర్దార్జీవా?'

ధూల్‌పేట్‌లో ఉన్నంత కాలం సింగ్ అనే పేరు నాకొక పేరులాగే అనిపించలేదు. మా గల్లీలో ఎవర్ని పిలిచినా సింగే. స్కూల్లో హాజరు పట్టీ చదువుతుంటే సార్‌కి నాలుక అలసిపోయేది. మా వైపు ఓటర్ల జాబితా తిరగేస్తే ఒకే పేజీలో ఎన్ని సింగ్‌లో లెక్కపెట్టుకోవాల్సిందే.

ఉద్యోగం కోసం హైటెక్ సిటీ వైపు వెళ్లాక తెలిసింది, ఇదొక వింత పేరని. మొదటి రోజే టీమ్‌లో ఒకతను 'సర్దార్జీవా? మరి పగిడీ లేదేంటి?' అన్నాడు. ఇంకొకరు 'బిహారా, యూపీనా?' అని అడిగారు. 'హైదరాబాదే' అంటే 'అది సరే, అసలు ఊరు?' అని మళ్లీ అడిగారు. తెలుగులో మాట్లాడితే 'అరే, తెలుగు బాగా నేర్చుకున్నావే!' అని మెచ్చుకున్నారు. పుట్టిన ఊళ్లో పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషని ఎవరైనా మెచ్చుకుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నిజానికి మన సిటీలో సింగ్‌లు రెండు రకాలు. అత్తాపూర్, కిషన్‌బాగ్ వైపు సిక్ ఛావ్నీ అని ఒక పేట ఉంది. నిజాం దగ్గర ప్రధానిగా ఉన్న మహారాజా చందూలాల్ అడిగితే, పంజాబ్‌ని ఏలుతున్న మహారాజా రంజిత్ సింగ్ 1832లో ఒక సిక్కు దళాన్ని ఇక్కడికి పంపాడు. ఆ సైనికుల్లో చాలామంది ఇక్కడే స్థిరపడిపోయారు. వాళ్ల వారసులే దక్కనీ సిక్కులు. వాళ్లు కూడా మనలాగే దక్కనీ ఉర్దూ, తెలుగు మాట్లాడతారు.

రెండో రకం మేము. ధూల్‌పేట్, మంగళ్‌హాట్, జుమ్మేరాత్ బజార్ వైపు ఉండే లోధ్‌లం. హిందువులం. మూసీకి ఇవతల మేము, కొంచెం పైన వాళ్లు. పేరు ఒక్కటే, దారులు వేరు. గుర్తుపెట్టుకోవడానికి ఒక చిన్న సూత్రం: అమృత్ తీసుకున్న ప్రతి సిక్కు మగవాడూ సింగే. కానీ ప్రతి సింగూ సిక్కు కాదు.

ఇంకో తికమక కూడా ఉంది. 'లోధ్' అనగానే చాలామందికి ఢిల్లీలోని లోడీ గార్డెన్ గుర్తొస్తుంది. 1526లో పానిపట్‌లో బాబర్ చేతిలో ఓడిపోయిన ఇబ్రహీం లోడీ అఫ్గాన్ వంశం వాడు. మాకూ ఆయనకూ ఏ చుట్టరికమూ లేదు.

సింహం ఎక్కడ బయల్దేరింది?

సింగ్ అంటే సింహం. ఇది అందరికీ తెలుసు. సంస్కృతంలో 'సింహ', జనం నోట్లో పడి 'సింగ', 'సింగ్' అయింది. అయితే మనుషుల పేర్ల చివర అది ఎప్పటి నుంచి ఉందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గుజరాత్, మాళవ ప్రాంతాల్ని ఏలిన పశ్చిమ క్షత్రపుల్లో రుద్రసింహుడనే రాజు ఉన్నాడు. ఆయనది క్రీ.శ. రెండో శతాబ్దం. ఆయన వెండి నాణేలు ఇప్పటికీ దొరుకుతాయి. అంటే ఈ పేరుకి దాదాపు 1,800 ఏళ్ల వయసు!

మరి మన దగ్గర? ఏడో శతాబ్దంలో వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల్లో జయసింహుడున్నాడు. రాజస్థాన్‌లో జైపూర్ కట్టించిన జైసింగ్ పేరూ అదే, ఉచ్చారణలోనే తేడా. మన హైదరాబాద్ క్రికెట్‌కి స్టైల్ నేర్పిన ఎం.ఎల్. జయసింహ పేరూ అదే. 14వ శతాబ్దంలో రాచకొండని ఏలిన రేచర్ల వెలమ రాజుల్లో సింగభూపాలుడున్నాడు. నెల్లూరుకి పాత పేరు విక్రమ సింహపురి. సముద్రం దాటితే సింగపూర్. దానికీ 'సింహపురం' అనే అర్థం.

ఇక తెలంగాణలో నర్సింగ్ అనే పేరు లేని ఊరుంటుందా? అది నరసింహుడే. సిటీ పక్కనే నార్సింగి ఉంది. అంటే ఆఫీస్‌లో నన్ను 'అసలు ఊరు?' అని అడిగిన నర్సింగరావు గారి పేరులోనూ నా సింగే ఉందన్నమాట! ఆయనకి అది వింతగా అనిపించదు, ఎందుకంటే అది పేరు మధ్యలో కూర్చుంది. నాది చివర నిలబడింది. అంతే తేడా.

కానీ ఒక్కటి గమనించండి. ఈ రాజులెవరికీ సింహ అనేది ఇంటిపేరు కాదు, పేరులో ఒక ముక్క. తర్వాత రాజ్‌పుత్ రాజవంశాల్లో అది గౌరవంగా తగిలించుకునే బిరుదు అయింది. 1699 వైశాఖి రోజున ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ ఖాల్సా పంథ్ స్థాపించి, అమృత్ తీసుకున్న మగవాళ్లందరికీ 'సింగ్', ఆడవాళ్లకి 'కౌర్' అని పేరు పెట్టారు. అప్పటిదాకా గోవింద్ రాయ్‌గా ఉన్న ఆయనే గోవింద్ సింగ్ అయ్యారు. పేరు చూసి కులం అడిగే అలవాటు పోవాలని, అందరూ ఒక్కటే అని చెప్పడానికి ఆ పేరు. రాజుల దగ్గరున్న బిరుదుని మామూలు మనుషులందరికీ పంచేశారన్నమాట. ఆయన 1708లో చివరి రోజులు గడిపిన నాందేడ్ కూడా ఆ తర్వాత నిజాం రాజ్యంలోనే ఉండేది.

ఈశాన్యంలో మణిపూర్‌కి వెళ్తే అక్కడ మైతేయి మగవాళ్ల పేర్ల చివర కూడా సింగ్ ఉంటుంది. అది 18వ శతాబ్దంలో అక్కడి రాజులు వైష్ణవం తీసుకున్నాక వచ్చిన పేరు. బిహార్‌లో 'సిన్హా', గుజరాత్‌లో 'సిన్హ్'. జాట్ నాయకుడు చరణ్ సింగ్, సిక్కు ఆర్థికవేత్త మన్మోహన్ సింగ్, రాజ్‌పుత్ వీపీ సింగ్.. ముగ్గురూ ప్రధానులే, ముగ్గురూ మూడు సమాజాల వాళ్లు. అందుకే సింగ్ అనే పేరు చూసి మనిషి కులం, మతం, భాష చెప్పేస్తా అనేవాళ్లని నమ్మకండి.

దక్షిణానికి దిగిన బొందిలీలు

సరే, ఉత్తరాది పేరు దక్కన్‌కి ఎలా దిగింది? దీనికి జవాబు వెతుకుతుంటే మాకు దాయాదుల్లాంటి వాళ్లొకరు తగిలారు. రాయలసీమ, నెల్లూరు, చిత్తూరు వైపు 'బొందిలి' వాళ్లు ఉన్నారు. ఇంట్లో హిందీలాంటి మాట, బయట తెలుగు, పేరు చివర సింగ్. బొందిలి అంటే బుందేల్‌ఖండ్ నుంచి వచ్చినవాడు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాల మీద అచ్చువేసిన పెద్ద పుస్తకంలో కూడా బొందిలీల గురించి రాశాడు.

వీళ్ల కథలో హీరో దేసింగు రాజు. అసలు పేరు తేజ్ సింగ్. బుందేలా రాజ్‌పుత్. ఔరంగజేబు సైన్యం 1698లో మరాఠాల నుంచి సెంజి కోటని గెలుచుకున్నాక దాని బాధ్యత తేజ్ సింగ్ తండ్రి స్వరూప్ సింగ్‌కి దక్కింది. తండ్రి చనిపోయాక కుర్రాడైన తేజ్ సింగ్, ఆర్కాట్ నవాబు సాదతుల్లా ఖాన్‌కి తల వంచకుండా 1714లో యుద్ధంలో చనిపోయాడు. తేజ్ సింగ్ అనే ఉత్తరాది పేరు తమిళ, తెలుగు జనం నోళ్లలో 'దేసింగు' అయిపోయింది. జానపద గాథల్లో ఇప్పటికీ బతికే ఉన్నాడు. చూశారా? మూడు వందల ఏళ్ల కిందటే ఒక సింగ్ పేరు ఈ నేల ఉచ్చారణలోకి మారిపోయింది. నన్ను మాత్రం ఇంకా 'అసలు ఊరు?' అనే అడుగుతున్నారు!

దాదీ చెప్పిన కథ

ఇప్పుడు మా ధూల్‌పేట్‌కి వద్దాం. 1578లో కుతుబ్‌షాహీలు కట్టించిన పురానాపూల్ దాటి కార్వాన్ వైపు వస్తే మా ఏరియా మొదలవుతుంది. వినాయక చవితికి ముందు మా వీధుల్లో నడవడానికి సందుండదు. ఎక్కడ చూసినా గడ్డి, జనపనార, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, రంగు డబ్బాలు. సగం తయారైన గణపతులు తొండం లేకుండా గోడలకి ఆనుకొని ఉంటారు. సిటీలోని గల్లీ గల్లీకీ విగ్రహాలు మా దగ్గర నుంచే వెళ్తాయి. రాఖీ పండక్కి రాఖీలు, సంక్రాంతికి పతంగులు. మా అమ్మ చేతివేళ్లకి ఏడాదంతా ఏదో ఒక పండగ రంగు అంటుకొనే ఉంటుంది.

కానీ సిటీకి మా గురించి ఎక్కువగా గుర్తున్నది ఇవి కాదు. 'ధూల్‌పేటా? గుడుంబా దొరుకుతదంట కదా' అనేది మొదటి మాట. ఒకప్పుడు ఇక్కడ నాటు సారా కాచిన మాట నిజం. దాని వల్ల బతికిన ఇళ్లూ ఉన్నాయి, మునిగిన ఇళ్లు ఇంకా ఎక్కువ ఉన్నాయి. సారా బట్టీలు మూసేశాక వేరే పని దొరక్క తిప్పలు పడ్డవాళ్లని నేనే చూశాను. కానీ సారా ముఖం చూడని ఇల్లు మాది. అయినా ఇంటర్వ్యూలో అడ్రస్ చెప్పగానే ఎదుటివాళ్ల కనుబొమ్మలు పైకి లేవడం చూసి చూసి, నేను 'పురానాపూల్ దగ్గర' అని చెప్పడం మొదలుపెట్టాను. పేరు చెప్తే సర్దార్జీ అనుకుంటారు, ఊరు చెప్తే ఇంకేదో అనుకుంటారు. ఒకటి మార్చలేను. రెండోది కాస్త జరిపాను, ఒక వంతెన దాకా!

అక్క అడిగిన ప్రశ్నకి జవాబు కోసం దాదీ పక్కన కూర్చున్నా. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేశా. దాదీ అంటే మా నాన్నమ్మ.

దాదీ చెప్పిన ప్రకారం మా పెద్దలు బుందేల్‌ఖండ్ నుంచి ఫౌజుతో నడిచి వచ్చారు. ఏ ఫౌజు? ఒక్కోసారి మొఘల్ బాద్షా ఫౌజు అంటుంది, ఒక్కోసారి నిజాం సర్కారు పిలిపించిందంటుంది. 'మన తాతలు కత్తులు పట్టిండ్రు' అంటుంది. పక్కనే కూర్చున్న మా చిన్న దాదీ మాత్రం 'కత్తి కాదు, నాగలి పట్టిండ్రు' అంటుంది. ఇద్దరూ పోట్లాడుకున్నారు.

నా అనుమానం ఇద్దరి మాటా కొంత నిజమేనని. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్‌లలో లోధ్‌లు ప్రధానంగా రైతులు. రైతు కుటుంబాల నుంచి కుర్రాళ్లు పంటలు లేని నెలల్లో ఏదో ఒక సైన్యంలో చేరడం ఆ రోజుల్లో మామూలే. అక్కడ యుద్ధం చేసిన లోధ్‌లు కూడా చరిత్రలో ఉన్నారు. రామ్‌గఢ్ రాణి అవంతీబాయి లోధీ ఆంగ్లేయులతో పోరాడి 1858లో ప్రాణాలిచ్చింది. యూపీ ముఖ్యమంత్రిగా చేసిన కల్యాణ్ సింగ్, మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రిగా చేసిన ఉమాభారతి కూడా లోధ్‌లే.

మరి రైతులకి సింగ్ బిరుదు ఎలా వచ్చింది? ఇక్కడే కథ రసవత్తరంగా ఉంటుంది. 1901 జనాభా లెక్కలప్పుడు ఆంగ్లేయ అధికారులు కులాలకి 'పై మెట్టు, కింది మెట్టు' అని వరస పెట్టే ప్రయత్నం చేశారు. దాంతో ఉత్తరాదిలో అనేక కులాలు సంఘాలు పెట్టుకొని 'మేమూ క్షత్రియులమే' అని అర్జీలు పెట్టాయి. వాటిలో లోధ్‌లూ ఉన్నారు. ఆ కాలంలో సింగ్ అని పెట్టుకోవడమంటే 'మమ్మల్ని చిన్నచూపు చూడొద్దు' అని చెప్పడం. దమ్మున్న కథే కావాలంటే నాకు రాజుల కథకంటే ఇదే దమ్మున్న కథ అనిపించింది. ఎవరో ఇస్తే తీసుకున్న బిరుదు కాదిది, తలెత్తుకోవడానికి మనకి మనమే పెట్టుకున్నది.

మ్యాప్ మీద ఒక చుక్క

ఇంటిపేర్ల మీద ఇంగ్లండ్‌లో పెద్ద పరిశోధనే నడుస్తుంది. 1881 జనాభా లెక్కల్లోని పేర్లని మ్యాప్ మీద పెట్టి చూస్తారు. స్మిత్ అంటే కమ్మరి. ప్రతి ఊళ్లో కమ్మరి ఉంటాడు కాబట్టి స్మిత్‌లు దేశమంతా పరుచుకొని ఉంటారు. అదే ఒక చిన్న ఊరి పేరు నుంచి పుట్టిన అరుదైన ఇంటిపేరైతే మ్యాప్‌లో ఒక్క చోటే గుంపుగా కనిపిస్తుంది. ఆ గుంపు దగ్గరికి వెళ్తే ఆ ఊరు దొరుకుతుంది.

మన తెలుగు ఇంటిపేర్లూ అంతే కదా. నందమూరి కృష్ణా జిల్లాలో ఊరు. కొణిదెల నందికొట్కూరు దగ్గర ఊరు. కోఠీలో రెసిడెన్సీ భవనం కట్టించిన జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ ఇంటిపేరూ ఇదే కోవలోది. స్కాట్లండ్‌లో 'పాట్రిక్ చర్చి' అనే అర్థంతో ఉన్న ఊరి పేరు అది. ఆయన హైదరాబాద్ అమ్మాయి ఖైరున్నీసాని పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల పిల్లలు ఇక్కడున్నప్పుడు సాహెబ్ ఆలం, నూరున్నీసా. 1805లో ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లాక విలియం జార్జ్ కిర్క్‌పాట్రిక్, కేథరిన్ ఆరోరా కిర్క్‌పాట్రిక్ అయిపోయారు. తల్లిని వాళ్లు మళ్లీ చూడలేదు. ఒక స్కాట్లండ్ ఊరి పేరు వాళ్ల వెంట వచ్చింది, పుట్టిన హైదరాబాద్ మాత్రం పేరులో ఎక్కడా మిగల్లేదు.

సింగ్‌కి ఇలాంటి ఊరు లేదు. ఇండియా మ్యాప్ మీద సింగ్‌లని చుక్కలుగా పెడితే పంజాబ్ నుంచి మణిపూర్ దాకా మ్యాప్ నిండిపోతుంది. అది ఊరి పేరు కాదు, బిరుదు కాబట్టి. మన దగ్గర రెడ్డి, గౌడ్, రావు ఎలాగో అదీ అలాగే. తెలుగువాళ్లకి బిరుదు చివర ఉన్నా ఇంటిపేరు ముందు భద్రంగా ఉంటుంది. రెడ్డి గారిని అడిగితే ఇంటిపేరు వేరే చెప్తారు. వంశరాజ్‌లు వచ్చి గోత్రం, వంశం పాడి వినిపిస్తారు. మాకు ఫారంలో సర్‌నేమ్ గడి వచ్చాక ఆ బిరుదునే తీసుకెళ్లి అందులో కూర్చోబెట్టాం. ధోనీ కేసు దీనికి తిరగేసింది. మహేంద్ర సింగ్ ధోనీలో సింగ్ మధ్యలో ఉండి, కుమావూ కొండల నుంచి వచ్చిన ధోనీ చివర మిగిలింది. మాకు మధ్యది చివరికొచ్చింది, చివరిది ఎక్కడో రాలిపోయింది.

గడి కోసం గొడవ

ఈ 'గడి' ఎంత పని చేస్తుందో సముద్రం దాటిన సింగ్‌లని అడగాలి. 19వ శతాబ్దంలో యూపీ, బిహార్‌ల నుంచి లక్షలమంది చెరకు తోటల్లో కూలీలుగా గయానా, ట్రినిడాడ్, ఫిజీ వెళ్లారు. 1879లో ఫిజీకి మొదటి విడత కూలీల్ని మోసుకెళ్లిన ఓడ పేరు లియోనిడాస్. ఆ గ్రీకు పేరులోనూ సింహమే ఉంది! వాళ్ల ప్రయాణ పత్రంలో పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు అనే గడులున్నాయి కానీ సర్‌నేమ్ గడి లేదు. తర్వాతి తరాల్లో తండ్రి పేరో, పేరు చివరి ముక్కో సర్‌నేమ్ అయిపోయింది. 1903 నుంచి మద్రాసు మీదుగా వెళ్లిన మనవాళ్ల వల్ల ఫిజీలో నాయుడు, రెడ్డి కూడా సర్‌నేమ్‌లయ్యాయి. గోల్ఫ్ స్టార్ విజయ్ సింగ్ ఫిజీలో పుట్టాడు. మన క్రికెటర్ రాబిన్ సింగ్ ట్రినిడాడ్‌లో పుట్టి మద్రాస్ వచ్చాడు. 2008లో మన డెక్కన్ ఛార్జర్స్‌కి కోచ్‌గా హైదరాబాద్ దాకా వచ్చాడు.

ఇంకా దగ్గరి కథ చెప్తా. 'సింగ్, కౌర్ మరీ ఎక్కువమందికి ఉన్నాయి, వేరే సర్‌నేమ్ పెట్టుకొని రండి' అని ఢిల్లీలోని కెనడా వీసా అధికారులు ఏళ్ల తరబడి దరఖాస్తుదారులని అడిగారు. 2007లో ఆ ఉత్తరం బయటపడి గోల కావడంతో ఆ షరతు ఎత్తేశారు. 2022 నవంబర్‌లో దుబాయ్ వైపు ఇంకో సమస్య. పాస్‌పోర్ట్‌లో ఒక్క పేరే ఉండి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే విజిట్ వీసా మీద యూఏఈలోకి రానివ్వమన్నారు. ఒక దేశానికి పేరు మరీ ఎక్కువైంది, ఇంకో దేశానికి తక్కువైంది!

అందుకే విదేశాలకి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకి నా సలహా ఒక్కటే. టెన్త్ మెమో, ఆధార్, పాన్, పాస్‌పోర్ట్.. నాలుగింట్లో పేరు ఒకే వరసలో ఉందో లేదో ఇవాళే చూసుకోండి. నా టెన్త్ మెమోలో సింగ్ ముందుంది, ఆధార్‌లో వెనకుంది. దాన్ని సరిచేయడానికి ఒక ఆఫీసు చుట్టూ ఆరుసార్లు తిరిగా.

అక్క పేరులో లేని సింగ్

ఇవన్నీ నోట్ చేసుకొని ఒకరోజు రాత్రి అక్కకి చెప్పా. పాపని ఒళ్లో వేసుకొని ఓపిగ్గా విన్నది. దేసింగు రాజు దగ్గర 'అబ్బో' అంది. 1901 అర్జీల దగ్గర తల ఊపింది. అంతా అయ్యాక ఒక్క మాట అడిగింది.

'మరి ఈ కథలో నేనేడున్నా?'

నాకు అర్థం కాలేదు.

'నీ పేరులో సింగ్ ఉంది, నాన్న పేరులో ఉంది, తాత పేరులో ఉంది. నా పేరులో బాయి. అమ్మ పేరులో బాయి. దాదీ పేరులో బాయి. ఒకే ఇంట్లో ఒకే అమ్మకి పుట్టాం. 1,800 ఏళ్ల సింహం నీ ఒక్కడి పేరులోకే ఎట్లొచ్చింది?'

ఏం చెప్పాలో తెలియలేదు. ఇన్ని రోజులు తిరిగి ఇంత సమాచారం పోగేశాను. పక్క మంచం మీద పడుకునే అక్క పేరు చివర ఏముందో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. నన్ను 'అసలు ఊరు?' అని అడిగితే నాకెంత మండిందో, అక్కకి కాలేజీలో 'మీ తమ్ముడు సింగ్ కదా, నువ్వెందుకు కాదు? సొంత తమ్ముడేనా?' అని అడిగినప్పుడు అంతే మండిందట. ఆ సంగతి ఆ రోజే మొదటిసారి చెప్పింది.

దాదీ మధ్యలో అందుకుంది. 'నా పేర్ల సింగ్ ఎన్నడున్నది? పుట్టింట్ల లేదు, ఈడ లేదు. అయితే నేను ఈ ఇంటిదాన్ని కాదా? ఈ గల్లీల సగం గణపతులకు కండ్లు పెట్టింది నేనే.'

అది నిజం. విగ్రహానికి అన్నీ అయ్యాక చివర్లో కళ్లు దిద్దుతారు. చేయి వణకడం మొదలయ్యే దాకా మా ఇంటి విగ్రహాలన్నింటికీ కళ్లు దాదీయే దిద్దింది. ఏ విగ్రహం మీదా పేరు రాసుకోలేదు.

మళ్లీ కౌంటర్ దగ్గర

ఇరవై ఒకటో రోజు తొట్టెల బాగా జరిగింది. వరంగల్ నుంచి బావ వాళ్లు వచ్చారు. వాళ్ల అమ్మ తెలుగులో జోలపాట, మా దాదీ తన బోలీలో జోలపాట పోటీ పడి పాడారు. పాప రెండింటికీ నిద్రపోలేదు.

పేరు అక్క, బావ కలిసి తేల్చారు. ముందు బావ ఇంటిపేరు, తర్వాత పాప పేరు. చివర సింగ్ లేదు, బాయి కూడా లేదు. 'ఇంటిపేరు మీది పెట్టుకుంటున్నం కదా, పేరు మాత్రం మా దాదీది' అంది అక్క. బావ సరేనన్నాడు. దాదీ కళ్లు తుడుచుకుంటూ 'పాత పేరు, పోరి పెద్దయినంక తిడతది' అంది. కానీ ఆ రోజంతా ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ ఆ పేరే చెప్పింది.

నేను నొచ్చుకున్నానా? కొంచెం. సింగ్ నాతో ఆగిపోతుందేమో అని ఒక క్షణం అనిపించింది. తర్వాత నవ్వొచ్చింది. ఇన్ని సముద్రాలు దాటి ఇన్ని దేశాల్లో నిలబడ్డ పేరుకి నా మేనకోడలి సాయం అవసరమా? దాదీ పేరుకి మాత్రం అవసరమే. ఆమె పేరు ఆధార్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఇప్పుడు ఇంకో కాగితం మీద కూడా ఉంటుంది.

మర్నాడు మళ్లీ అదే కౌంటర్‌కి వెళ్లా. అదే మేడమ్. పాప పేరు రాసిచ్చా. చూసి 'మంచిగుంది, పాతకాలం పేరు' అని కంప్యూటర్‌లో కొట్టుకుంటోంది. అప్పుడే స్క్రీన్ మీద అడ్రస్ గడి కనిపించింది.

'మేడమ్, అడ్రస్ కూడా ఒకసారి సరిచేయాలి.'

'ఏం రాయాలె?'

'ధూల్‌పేట్.'

ఆవిడ కనుబొమ్మలు పైకి లేస్తాయేమోనని చూశా. లేవలేదు. 'ధూల్‌పేటా? మా గల్లీ గణపతిని ప్రతి ఏడు ఆడికెళ్లే తెస్తరు' అంటూ టైప్ చేసి, ప్రింట్ తీసి నా చేతిలో పెట్టింది. నాన్న చెప్పినట్టే తప్పుల్లేకుండా ఉందో లేదో రెండుసార్లు చదువుకొని బయటికొచ్చా.